లారీ గుద్దితే పరిహారం దాకా ఏ పని ఎప్పుడు చేయాలి: విజయవాడ, గుంటూరు వాళ్ల కోసం వివరంగా

"లారీ గుద్దింది, కేసు అయింది, ఇన్సూరెన్స్ డబ్బులు ఎలా వస్తాయి?" అని అడిగేవాళ్లలో చాలామంది ప్రమాదం జరిగిన నాలుగైదు నెలలకు వస్తారు. అప్పటికే లారీ విడుదలై వెళ్లిపోయి ఉంటుంది. సీసీ కెమెరాల రికార్డింగ్ చెరిగిపోయి ఉంటుంది. ఆసుపత్రి చీటీలో ఏం రాశారో ఇంట్లో ఎవరూ చదివి ఉండరు.

పరిహారం కేసుల్లో వాదన కంటే కాగితానికే బలం ఎక్కువ. ఆ కాగితాల్లో ముఖ్యమైనవన్నీ మొదటి పది రోజుల్లోనే తయారవుతాయి. అందుకే ఇక్కడ కోర్టు సంగతి తక్కువ, దానికి ముందు చేయాల్సిన పనుల సంగతి ఎక్కువ.

## 1. ప్రమాదం జరగకముందే

లారీకి ఎడమ పక్కన, క్యాబిన్‌కు కాస్త వెనగ్గా బండి నడిపితే డ్రైవర్‌కు మీరు కనపడరు. మీకు అతని అద్దంలో అతని ముఖం కనిపించడం లేదంటే అతనికి మీరూ కనిపించడం లేదు. రామవరప్పాడు రింగ్ దగ్గరో, గొల్లపూడి దగ్గరో లారీ ఎడమకు తిరుగుతుంటే దాని వెనక చక్రాలు ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెళ్లవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ సందులో బండి దూర్చొద్దు.

రాత్రిపూట అసలు ప్రమాదం నడిచే లారీతో కాదు, ఆగిన లారీతో. 16వ నంబరు జాతీయ రహదారి మీద లైట్లు లేకుండా రోడ్డు వారగా ఆపిన ట్రైలర్ దగ్గరికి వచ్చేదాకా కనపడదు. రాత్రి ఎడమ చివరి లేన్‌లో వేగంగా వెళ్లే అలవాటుంటే మానుకోండి.

ఇంట్లో చూసుకోవాల్సినవి:

- మీ బండికి థర్డ్ పార్టీ బీమా నడుస్తోందా? సొంత బండి నడిపేవారికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందా?
- నెల ఆదాయం బ్యాంకు ఖాతాలో కనిపిస్తోందా? (ఇది ఎంత ముఖ్యమో ఆరో అంచెలో లెక్కతో చెప్తాను.)
- ఫోన్ లాక్‌లో ఉన్నా అత్యవసర నంబరు తెర మీద కనిపిస్తోందా?

## 2. మొదటి గంట

ముందు మనిషి, తర్వాత సాక్ష్యం. అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీదైతే 1033, పోలీసులకు 112. కింద పడ్డ మనిషి మెడ కదపకుండా ఉంచండి. ఆటోలో కుక్కేసి తీసుకెళ్లడం కంటే పది నిమిషాలు అంబులెన్సు కోసం ఆగడం చాలాసార్లు మేలు. రక్తం ఆగకుండా పోతుంటే మాత్రం గుడ్డతో గట్టిగా అదిమి పట్టి వెంటనే కదలాలి.

సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామని భయపడేవాళ్లకు ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఎ ప్రకారం మంచి మనసుతో సాయపడినవారి మీద కేసు పెట్టడానికి లేదు, పేరు చెప్పమని బలవంతం చేయడానికీ లేదు.

గాయపడిన మనిషిని అంబులెన్సు ఎక్కించాక, అక్కడ మిగిలినవాళ్లలో ఒకరు ఫోన్ తీసి ఈ పని చేయాలి:

- లారీ ముందు నంబరు ప్లేటు, పక్కన తలుపు మీద రాసిన యజమాని లేదా ట్రాన్స్‌పోర్ట్ పేరు
- ట్రాక్టర్ అయితే ఇంజనుకు ఒక నంబరు, ట్రాలీకి ఇంకో నంబరు ఉంటుంది. రెండూ తీయాలి, బీమా కూడా దేనికది వేరు
- వాహనాలు కదపకముందు ఎక్కడున్నాయో దూరం నుంచి రెండు ఫొటోలు, రోడ్డు మీద బ్రేకు గీతలు
- ఆగి ఉన్న లారీ అయితే వెనక లైట్లు, మెరిసే టేపు, హెచ్చరిక త్రిభుజం ఉన్నాయో లేవో కనిపించేలా
- పక్క టీ బంకు, పెట్రోలు బంకు, పంక్చర్ షాపుల కెమెరాలు ఎటు తిరిగి ఉన్నాయో
- చూసిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు

ఫొటోలు తీసిన ఫోన్‌లోనే అసలు ఫైళ్లు ఉంచండి. వాట్సాప్‌లో పంపిన కాపీలో తీసిన సమయం వివరాలు పోతాయి.

ఆ గొడవలో లారీ యజమాని మనిషి ఒకరు వచ్చి "ఖర్చులకు ఉంచండి, కేసు ఎందుకు" అని పదో ఇరవయ్యో వేలు చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద సంతకం అడుగుతాడు. డబ్బు తీసుకోవడం, మానడం మీ ఇష్టం. సంతకం మాత్రం పెట్టొద్దు.

## 3. క్యాజువాల్టీలో రాసే మొదటి వాక్యం

కేసులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

గుంటూరు జీజీహెచ్ అయినా, విజయవాడ ప్రభుత్వాసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా, స్ట్రెచర్ లోపలికి రాగానే డ్యూటీ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న "ఎలా జరిగింది?" అని. తోడొచ్చిన బావమరిదికో, పక్కింటాయనకో పూర్తిగా తెలియదు. కంగారులో "బండి మీద నుంచి పడ్డాడండీ" అంటాడు. డాక్టర్ అదే రాస్తాడు: బండి జారి పడ్డాడు అని. ఆ ఒక్క లైను ఏడాదిన్నర తర్వాత బీమా కంపెనీ లాయరు చేతిలో ఉంటుంది. "తానే జారి పడ్డాడు, తర్వాత లారీని ఇరికించారు" అంటాడు. దానికి జవాబు చెప్పుకోవడానికి మీకు ఇంకో ఏడాది పడుతుంది.

కొన్ని చోట్ల ఇంకో తంతు నడుస్తుంది. "పోలీసు కేసంటే ఆలస్యం అవుతుంది, జారి పడ్డాడని రాయించండి" అని ఆసుపత్రిలోనే ఎవరో సలహా ఇస్తారు. వినొద్దు. పోలీసు కేసు ఉందని వైద్యం ఆపడానికి ఏ ఆసుపత్రికీ వీల్లేదు.

చేయాల్సింది ఇది:

- "లారీ గుద్దింది" అన్న మాట, తెలిస్తే లారీ నంబరు, జరిగిన చోటు, సమయం చెప్పి రాయించండి.
- దీన్ని ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన వైద్య కేసు) కింద నమోదు చేశారా అని అడిగి, ఆ నంబరు రాసుకోండి. ఆసుపత్రి నుంచి పోలీసులకు సమాచారం వెళ్లేది దాని మీదే.
- ముందు చిన్న ఆసుపత్రికి వెళ్లి, తర్వాత పెద్దదానికి మారితే రెండింటి కాగితాలూ ఉంచుకోండి. మొదటి చీటీ చింపేసి పారేయడం మామూలుగా జరిగే తప్పు.
- అప్పటికే తప్పుగా రాసి ఉంటే, ఆ రోజో మర్నాడో డాక్టర్‌కు లిఖితపూర్వకంగా చెప్పండి. కొట్టివేతలు వద్దు, తేదీ వేసి కొత్తగా రాయమనండి.

డబ్బు విషయంలో: 2025 మేలో అమల్లోకి వచ్చిన కేంద్ర నగదురహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి 1.5 లక్షల దాకా చికిత్స అందుతుంది. బీమా ఎవరిది, తప్పు ఎవరిది అన్నదానితో దీనికి పని లేదు. ఆసుపత్రి కౌంటర్‌లో ఈ పథకం పేరెత్తి అడగండి. ఆరోగ్యశ్రీగా పేరుపడిన ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే అదీ చూపించండి.

## 4. ఎఫ్ఐఆర్: ఎక్కడ, ఎలా

మన దగ్గర ఒక చిక్కుంది. కృష్ణా నదికి ఇటు విజయవాడ కమిషనరేట్, అటు గుంటూరు జిల్లా. వారధి దాటగానే తాడేపల్లి, ఆ తర్వాత మంగళగిరి, పెదకాకాని, ఇలా స్టేషన్లు మారిపోతుంటాయి. ప్రమాదం ఒకచోట, ఆసుపత్రి ఇంకోచోట. "ఇది మా పరిధి కాదు, అక్కడికి వెళ్లండి" అన్న మాట వినాల్సి వస్తుంది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, తర్వాత సరైన స్టేషన్‌కు వాళ్లే పంపుతారు. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితం.

ఫిర్యాదు రాసేటప్పుడు "లారీ ప్రమాదంలో గాయపడ్డాడు" అని తేల్చేయకండి. ఇలా రాయండి:

"ఫలానా తేదీ ఉదయం సుమారు 6.40కి మా తమ్ముడు తన మోటారు సైకిల్ మీద మంగళగిరి నుంచి గుంటూరు వైపు రోడ్డుకు ఎడమ వారగా వెళ్తున్నాడు. వెనక నుంచి వస్తున్న ఫలానా నంబరు లారీని దాని డ్రైవర్ అతివేగంగా, నిర్లక్ష్యంగా నడుపుతూ, హారన్ కొట్టకుండా ఓవర్‌టేక్ చేస్తూ గుద్దాడు. తమ్ముడు కింద పడగా లారీ వెనక చక్రం కుడి కాలు మీదుగా వెళ్లింది. ఈ సంఘటనను ఫలానావారు చూశారు."

ఎవరు ఎటు వెళ్తున్నారు, లారీ ఏం తప్పు చేసింది, ఎవరు చూశారు. ఈ మూడూ ఉండాలి. చూడని విషయం చూసినట్టు రాయొద్దు. విని రాస్తే "చూసినవాళ్లు చెప్పగా తెలిసింది" అనే రాయండి.

సెక్షన్ల సంగతి పోలీసులదే అయినా తెలిసి ఉండటం మంచిది. నిర్లక్ష్యంగా నడపడానికి భారతీయ న్యాయ సంహిత 281, గాయాలకు 125, మరణానికి 106. కాలు విరిగినా గాయం చిన్నదేనన్నట్టు రాస్తే ఎక్స్‌రే చూపించి మార్పించాలి.

మనిషి ఐసీయూలో ఉండి ఫిర్యాదు రెండు మూడు రోజులు ఆలస్యమైతే కేసు పోదు. ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులోనే ఒక లైను రాయండి, చాలు.

## 5. పది రోజుల్లో పట్టుకోవాల్సినవి

లారీ బీమా. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బీమా, ఫిట్‌నెస్ ఎప్పటివరకు ఉన్నాయో కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ప్రమాదం నాటికి బీమా లేదని తేలితే ఆగకుండా లాయర్‌ను కలవండి. బీమా లేని వాహనాన్ని యజమాని తగిన హామీ పెడితే తప్ప విడుదల చేయకూడదని నిబంధన. లారీ ఒక్కసారి గేటు దాటిందా, ఆటోనగర్‌లో రంగు మారి ఇంకొకరి చేతికి వెళ్లిపోయిందా, ఇక యజమాని నుంచి రూపాయి రాబట్టడం గగనమే.

సీసీ దృశ్యాలు. షాపుల కెమెరాల్లో రికార్డింగ్ కొన్నాళ్లకే తిరగరాసుకుపోతుంది. దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అడగండి: ఫలానా బంకు, ఫలానా షాపు కెమెరా, ఫలానా సమయం. లారీ ఆగకుండా పోయినా టోల్ ప్లాజా దాటక తప్పదు. గుంటూరు దారిలో కాజ, హైదరాబాదు దారిలో కీసర, ఏలూరు వైపు పొట్టిపాడు. ఆ సమయంలో దాటిన లారీల ఫాస్టాగ్ వివరాలు, కెమెరా దృశ్యాలు తెప్పించమని అదే కాగితంలో రాయండి. రశీదు తీసుకోండి.

ఎంవీఐ రిపోర్టు. ప్రమాదానికి లారీ యాంత్రిక లోపం కారణమా కాదా అని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఇచ్చే నివేదిక ఇది. "బ్రేకులు బాగానే ఉన్నాయి" అని వస్తే డ్రైవర్ నిర్లక్ష్యం అన్న మీ మాటకు అదే బలం.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక, పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. ఎంతవరకు జరుగుతుందన్నది స్టేషన్‌ను బట్టి ఉంటుంది. "నివేదికలు వెళ్లాయా, కాపీ ఇవ్వండి" అని అడిగే హక్కు మీకుంది. అడిగేవాడు ఉంటేనే ఫైలు కదులుతుంది.

## 6. ఆదాయం రుజువు: లక్షల తేడా ఇక్కడే

పరిహారం ఎవరి దయ మీదా ఆధారపడదు, లెక్క ఉంటుంది. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోనూ, 2017లో ప్రణయ్ సేథీ కేసులోనూ ఆ లెక్క స్థిరపరిచింది.

ఊహించి ఒక కేసు చూద్దాం. 34 ఏళ్ల ఆటో డ్రైవర్ లారీ గుద్ది చనిపోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడ్డారు. నెలకు 15,000 ఆదాయం రుజువైంది.

- సొంత పని చేసుకునేవాళ్లకు, 40 ఏళ్లలోపైతే భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 21,000
- ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు: 15,750
- ఏడాదికి: 1,89,000
- 31 నుంచి 35 ఏళ్ల వయసుకు గుణకం 16: మొత్తం 30,24,000

దీనికి తోడు అంత్యక్రియల ఖర్చు, వారసులకు దక్కకుండా పోయిన ఆస్తికి ఇచ్చేది (లాస్ ఆఫ్ ఎస్టేట్), భార్యకు, పిల్లలకు, తల్లికి తోడు కోల్పోయినందుకు ఇచ్చేవి ఉంటాయి. 2017లో వీటిని 15,000, 15,000, 40,000గా పెట్టి, మూడేళ్లకోసారి 10 శాతం పెంచమన్నారు.

ఇప్పుడు అదే మనిషికి ఆదాయం కాగితం ఏదీ లేదనుకోండి. ట్రిబ్యునల్ కూలీ లెక్కన 9,000 తీసుకుందనుకుందాం. అదే లెక్క వేస్తే 18,14,400. మనిషి అతనే, కుటుంబం అదే. కాగితం లేక పోయింది 12,09,600.

అందుకే ఇవి వెతకండి:

- జీతగాళ్లకు: జీతం చీటీలు, ఫారం 16, యాజమాన్యం లేఖ. లేఖ ఇచ్చినవాళ్లు కోర్టుకు వచ్చి చెప్పగలగాలి
- వ్యాపారులకు: ఐటీ రిటర్నులు. ప్రమాదం తర్వాత వేసిన రిటర్నులను అనుమానంగా చూస్తారు
- ఆటో, క్యాబ్ నడిపేవాళ్లకు: బండి లోను కిస్తీలు కట్టిన రికార్డు, ఫోన్‌పే లావాదేవీలు, లైసెన్సు బ్యాడ్జి
- మిర్చి యార్డు ముఠా కూలీలకు: సంఘం గుర్తింపు కార్డు, యార్డు లైసెన్సు, మేస్త్రి చేతి లెక్కల పుస్తకం
- రైతులకు: పాస్‌బుక్కు, కౌలు కార్డు, యార్డులో అమ్మిన బిల్లులు
- ఇల్లాలికి ఆదాయం లేదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. ఇంటి పనికీ కోర్టులు విలువ కడతాయి

## 7. బతికి బయటపడ్డవాళ్లకు: వైద్యం కాగితాలు, వైకల్యం

ప్రతి బిల్లూ అసలుది కావాలి. మందుల షాపు బిల్లు మీద రోగి పేరు, తేదీ, డాక్టర్ పేరు ఉండాలి. ఆసుపత్రికి తిరిగిన ఆటో ఖర్చు, పత్యం, తోడున్న మనిషి పోగొట్టుకున్న కూలీ కూడా అడగొచ్చు. నోటుబుక్కులో తేదీల వారీగా రాసుకుంటూ వెళ్లండి.

వైకల్యం దగ్గర ఒక తేడా పట్టుకోవాలి. డాక్టర్ చెప్పేది కాలికి ఎంత శాతం దెబ్బ అని. కోర్టు చూడాల్సింది దానివల్ల సంపాదన ఎంత శాతం పోయిందని. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. మోకాలు వంగని మనిషి కొట్లో కూర్చుని లెక్కలు రాయగలడు, అదే మోకాలుతో ఆటోనగర్‌లో లారీ కింద పడుకుని పని చేసే మెకానిక్ ఆ పనే మానుకోవాలి. ఇద్దరికీ ధ్రువపత్రంలో 30 శాతమే ఉండొచ్చు. మెకానిక్ తరఫున ఆ పని ఎలా ఉంటుందో చెప్పే సాక్షి, వీలైతే అతని యజమాని, కోర్టుకు రావాలి.

సదరం ధ్రువపత్రం (ప్రభుత్వ వైద్య బోర్డు ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) తీసుకోండి, కానీ అదొక్కటే సరిపోతుందని అనుకోవద్దు. ఆపరేషన్ చేసిన డాక్టరో, బోర్డు డాక్టరో వచ్చి సాక్ష్యం చెప్తే దాని బరువు వేరు. రాడ్లు తీయడానికి మళ్లీ ఆపరేషన్ ఉంటే ఆ ఖర్చు అంచనా ఇప్పుడే రాయించుకోండి. తీర్పు వచ్చాక అడిగే వీలుండదు.

## 8. ఓపీ వేయడం

పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో వేసే పిటిషన్‌ను మన కోర్టుల్లో ఎంవీఓపీ, క్లుప్తంగా ఓపీ అంటారు. ఎక్కడ వేయాలన్నది మీ ఇష్టం: ప్రమాదం జరిగిన చోటు, మీరు ఉండే చోటు, ఎదుటివాళ్లు ఉండే చోటు. నెల్లూరు దగ్గర లారీ గుద్దినా గుంటూరులో ఉండేవాళ్లు గుంటూరులోనే వేయొచ్చు.

గడువు 6 నెలలు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ నియమం మళ్లీ వచ్చింది. దీని మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు నడుస్తున్నాయి. వాటిని నమ్ముకుని ఆలస్యం చేయొద్దు. చార్జిషీటు రాలేదనో, గాయం మానలేదనో ఆగక్కర్లేదు, ఎఫ్ఐఆర్‌తో వేసి మిగతావి తర్వాత జతచేయొచ్చు.

ప్రతివాదులుగా లారీ యజమానిని, బీమా కంపెనీని, డ్రైవర్‌ను పెడతారు. లారీ అమ్మేసినా ఆర్సీ మారకపోతే, ఆర్సీలో పేరున్న మనిషే బాధ్యుడు. కొన్నవాడినీ, అమ్మినవాడినీ ఇద్దరినీ చేర్చండి.

లాయర్ విషయంలో: వచ్చిన దాంట్లో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఆసుపత్రి వార్డు దగ్గరే కాచుకుని, ఖాళీ వకాలత్తు మీదా, ఖాళీ చెక్కుల మీదా సంతకాలు చేయించుకునే ఏజెంట్లను దగ్గరికి రానివ్వొద్దు. స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండానే. ఫోన్ 15100.

ఫైలులో ఉండాల్సినవి:

- ఎఫ్ఐఆర్, చార్జిషీటు, ఘటనా స్థలం స్కెచ్, ఎంవీఐ రిపోర్టు
- గాయాల ధ్రువపత్రం, లేదా శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు
- డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, ఎక్స్‌రేలు
- వయసుకు పదో తరగతి మార్కుల జాబితా
- ఆదాయం కాగితాలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం
- బ్యాంకు పాస్‌బుక్కు

ఏ ఒరిజినల్ ఎవరికి ఇచ్చినా ఫొటో తీసి, రశీదు రాయించుకుని ఇవ్వండి.

## 9. బీమా కంపెనీ పెట్టే మెలికలు, విప్పే పద్ధతి

"డ్రైవర్‌కు సరైన లైసెన్సు లేదు." కంపెనీ ఈ మాట అన్నంత మాత్రాన మీ డబ్బు ఆగదు. చాలా కేసుల్లో ముందు కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు ఆదేశిస్తాయి. చిన్న గూడ్స్ బండ్ల విషయంలో, మొత్తం బరువు 7,500 కిలోలలోపు ఉంటే లైట్ వెహికల్ లైసెన్సు సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

"ఆగిన లారీని వెనక నుంచి గుద్దింది వీళ్లే." ఇక్కడే రాత్రి ఫొటోలు పనికొస్తాయి. లైట్లు లేవు, త్రిభుజం లేదు, సగం లారీ రోడ్డు మీదే ఉంది అని చూపిస్తే బాధ్యత లారీ మీదకు వెళ్తుంది, లేదా ఇద్దరికీ పంచుతారు. వెనక కూర్చున్న భార్యకో, ఆటోలో ప్రయాణికుడికో ఆ కోత వర్తించదు. వాళ్లు మొత్తం పరిహారం అడగొచ్చు.

"హెల్మెట్ లేదు." అందువల్ల కేసు కొట్టివేయరు. తలకు దెబ్బ తగిలితే కొంత తగ్గించమని వాదిస్తారు. కాలు విరిగిన కేసులో హెల్మెట్ ప్రస్తావనకు అర్థం లేదు.

"క్రిమినల్ కేసులో డ్రైవర్ నిర్దోషిగా బయటపడ్డాడు." క్రిమినల్ కోర్టుకు కావలసినంత గట్టి రుజువు పరిహారం కేసుకు అక్కర్లేదు. అది కొట్టేసినా ఇది నిలబడుతుంది.

"సరుకు బండిలో మనుషులు ఎక్కారు." మెలికల్లో నిజంగా గట్టిది ఇదే. గుంటూరు చుట్టుపక్కల రోజూ కనిపించే దృశ్యం కూడా: మిర్చి కోతలకు కూలీలను మినీ లారీలో, ట్రాక్టర్ ట్రాలీలో నిలబెట్టి తీసుకెళ్లడం. సరుకు వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు థర్డ్ పార్టీ బీమా వర్తించదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బోల్తా పడితే పదిమంది కుటుంబాలు ట్రాక్టర్ యజమాని ఆస్తి మీద పడాలి, అతనికి ఉండేది ఆ ట్రాక్టరే.

సరుకు యజమాని, లేదా అతను పంపిన మనిషి, సరుకుతో పాటు ప్రయాణిస్తే మాత్రం బీమా ఉంటుంది. మిర్చి టిక్కీలతో (బస్తాలతో) యార్డుకు వస్తున్న రైతు క్యాబిన్‌లో కూర్చోవాలి, కాటా చీటీ, కిరాయి చీటీ జేబులో ఉంచుకోవాలి. ప్రమాదం జరిగితే ఎఫ్ఐఆర్‌లో "సొంత సరుకుతో వెళ్తున్నాడు" అన్న మాట పడాలి. లారీ యజమాని పెట్టుకున్న హమాలీ, క్లీనర్, డ్రైవర్లకు దారి వేరు: ఉద్యోగుల పరిహార చట్టం కింద కార్మిక శాఖ దగ్గరికి వెళ్లొచ్చు, లేదా ట్రిబ్యునల్‌కు. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి.

## 10. రాజీ మాట వచ్చినప్పుడు

బీమా కంపెనీ అధికారి రాజీకి పిలిస్తే వెళ్లండి. వెళ్లేముందు ఆరో అంచెలో చెప్పిన లెక్క మీ చేతిలో వేసుకుని వెళ్లండి.

ఒక ఉచ్చు ఉంది. తప్పు ఎవరిదో నిరూపించనక్కర్లేకుండా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇస్తారు. త్వరగా వస్తుంది కదా అని తీసుకుంటే సెక్షన్ 166 కింద వేసిన పెద్ద కేసు, అంటే పైన చెప్పిన ఓపీ, రద్దవుతుంది. ముప్పై లక్షలు రావాల్సినవాళ్లు ఐదు లక్షలతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. తప్పు మీ మనిషిదే అని తెలిసిన కేసుల్లో మాత్రం 164 మంచి దారే.

లోక్ అదాలత్‌లో కుదిరితే డబ్బు తొందరగా వస్తుంది. దాని మీద అప్పీలు ఉండదు కాబట్టి సంతకానికి ముందే అంకె చూసుకోవాలి. చికిత్స ఇంకా పూర్తికాని మనిషి రాజీకి తొందరపడకపోవడమే నయం.

## 11. లారీ దొరక్కపోతే

గుద్దిన లారీ ఏదో తేలకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 వస్తాయి. దరఖాస్తు ట్రిబ్యునల్‌కు కాదు, ప్రమాదం జరిగిన డివిజన్ రెవెన్యూ అధికారికి. మంజూరు చేసేది కలెక్టర్. ఎఫ్ఐఆర్, వైద్య లేదా పోస్టుమార్టం కాగితాలు, బ్యాంకు వివరాలు చాలు. తర్వాత లారీ దొరికి పెద్ద పరిహారం వస్తే ఈ మొత్తం తిరిగి కట్టాలి.

## 12. తీర్పు వచ్చాక

కాపీ రాగానే మూడు చూడండి: వడ్డీ ఏ తేదీ నుంచి ఇచ్చారు (సాధారణంగా ఓపీ వేసిన రోజు నుంచి), ఎవరి వాటా ఎంత, ఎంత మొత్తం బ్యాంకులో డిపాజిట్ చేయమన్నారు. పిల్లల వాటా వాళ్లకు 18 ఏళ్లు వచ్చేదాకా డిపాజిట్‌లోనే ఉంటుంది. చదువుకో, ఆపరేషన్‌కో కావాలంటే కారణం చూపించి ముందే తీసుకునేందుకు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు.

డబ్బు నేరుగా మీ ఖాతాలోకే పడాలి. లాయర్ ఖాతా ద్వారా, గుమాస్తా ద్వారా అంటే ఒప్పుకోవద్దు.

మొత్తం తక్కువనిపిస్తే 90 రోజుల్లో అమరావతిలోని హైకోర్టుకు అప్పీలు వేయాలి. వివాదం లక్ష రూపాయల లోపుదైతే అప్పీలు ఉండదు. కంపెనీ అప్పీలుకు వెళ్లిందని నోటీసు వస్తే కంగారు పడొద్దు. కంపెనీ ట్రిబ్యునల్‌లో జమ చేసిన మొత్తంలోంచి కొంత తీసుకోవడానికి అనుమతి అడగమని, అప్పీలులో మీ తరఫున కూడా పెంపు కోసం ఎదురు అప్పీలు వేయమని అదే రోజు లాయర్‌కు చెప్పండి.